అప్పు చేసి కొడుకును చదివించిన రైతు: ఒక ఇంగ్లీషు వంశవృక్షం కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంఘం మిత్రులు అడిగారు. మన బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవారు చాలామంది ఉన్నారు. అందుకని ఈ బడిలోనే నాకు అంటుకున్న చరిత్ర పిచ్చిని అడ్డం పెట్టుకుని, ఎక్కడో ఇంగ్లండులోని ఒక కుటుంబం కథ చెబుతాను. దానికీ మన బడికీ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు ఇంగ్లండు తూర్పు భాగంలో ఉన్న నార్విచ్ నగరంలో ఉన్నాను. మా అమ్మాయికి అక్కడి స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మని పని ఇచ్చారు. తాత పేరు, ఆయన చేసే పని రాయాలి. "తాతయ్య ఏం చేసేవారు నాన్నా?" అని అడిగింది. "వ్యవసాయం" అన్నాను. ఆ మాట అన్నాక ఎందుకో మనసు కుదుటపడలేదు. ఎందుకు కుదుటపడలేదో తరువాత చెబుతాను. ఆ వారాంతంలో ఆ అమ్మాయి పని కోసమే నార్విచ్ గ్రంథాలయానికి వెళ్ళి, వంశవృక్షాలు ఎలా కడతారో చెప్పే పుస్తకాలు తిరగేస్తుంటే, పాస్టన్ కుటుంబం ఎదురైంది.

ముందు ఒక మాట వివరించాలి. ఇంగ్లండులో 'జెంట్రీ' అనే వర్గం ఉండేది. డ్యూకులు, ఎర్ల్‌లు వంటి పెద్ద ప్రభువులకు కింద, స్వయంగా దున్నుకునే రైతులకు పైన ఉన్న భూస్వాములు వీళ్ళు. వీళ్ళలోనూ మెట్లున్నాయి: నైట్, ఎస్క్వైర్, అట్టడుగున జెంటిల్‌మన్. ఇది మర్యాద కోసం అనే మాట కాదు. 1413లో వచ్చిన చట్టం ప్రకారం కోర్టు కాగితాల్లో మనిషి పేరు పక్కన అతని అంతస్తో, వృత్తో రాసి తీరాలి. 'జెంటిల్‌మన్' అని రాయించుకోవాలంటే పుట్టుక ఉండాలి. పుట్టుకకు రుజువు వంశవృక్షం. అందుకే అక్కడ వంశవృక్షం గోడకు తగిలించుకునే బొమ్మ కాదు, ఆస్తి దస్తావేజు లాంటిది.

ఆస్తి దస్తావేజుల్లో ఎన్ని దొంగవి ఉంటాయో మనకు తెలియంది కాదు. వంశవృక్షాల్లోనూ అంతే. డబ్బు వచ్చిన ప్రతి కుటుంబానికీ 1066లో నార్మండీ నుంచి విలియం రాజుతో పాటు ఓడ దిగిన ఒక మూలపురుషుడు కావాలి. 1530 నుంచి 1688 వరకు రాజుగారి తరఫున హెరాల్డులు అనే అధికారులు జిల్లాలు తిరిగి, ఎవరికి వంశచిహ్నం వాడుకునే హక్కు ఉందో విచారించేవారు. హక్కు లేనివాళ్ళు జెంటిల్‌మన్ కారని బహిరంగంగా ప్రకటించేవారు. అయినా, మంచి విందు పెట్టి పాత కాగితాలు చూపిస్తే, తాతముత్తాతలు చెప్పిన కథలు కూడా ఆ పట్టికల్లోకి ఎక్కిపోయేవి.

కనుక వంశవృక్షం కట్టేవాడికి మొదటి నియమం ఒకటే. మూలపురుషుడి నుంచి కిందికి రాకూడదు. తెలిసినవాడి నుంచి ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కాలి. ప్రతి మెట్టుకూ ఆ కాలంలోనే రాసిన కాగితం చేతిలో ఉండాలి. పాస్టన్ కుటుంబాన్ని అలాగే ఎక్కి చూద్దాం.

చివరివాడు విలియం పాస్టన్, యార్మత్‌కు రెండవ ఎర్ల్. రెండవ చార్లెస్ రాజు కూతుర్ని పెళ్ళాడినవాడు. ఆమె రాజుకు పెళ్ళి బయట పుట్టిన బిడ్డ, అయినా రాజు బిడ్డే. ఈ విలియం 1732లో చనిపోయాడు. కొడుకులు తనకంటే ముందే పోయారు. ఎర్ల్ పదవి అతనితో ముగిసింది. మిగిలినవి అప్పులు. అతని తండ్రి రాబర్ట్‌కు ఎర్ల్ పదవి వచ్చింది 1679లో. అక్కడి నుంచి పైకి వెళ్తే నైట్‌లు, ఓడల మీద పోరాడినవాళ్ళు, జిల్లా పెద్దలు. ఈ మెట్లు ఎక్కడం పెద్ద కష్టం కాదు. 1538 నుంచి ప్రతి చర్చిలో పుట్టుకలకు, పెళ్ళిళ్ళకు, చావులకు రిజిస్టర్ పెట్టాలని ఉత్తర్వు ఉంది కదా. అంతకు ముందు కాలానికి మాత్రం వీలునామాలు, భూమి కోర్టు పుస్తకాలు, భూస్వామి చనిపోయినప్పుడు వారసుడు ఎవరో, అతని వయసు ఎంతో తేల్చే విచారణ కాగితాలు వెతుక్కోవాలి.

పాస్టన్‌ల విషయంలో ఇంకో అదృష్టం ఉంది. ఈ కుటుంబం 15వ శతాబ్దంలో ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, కాగితాలు వెయ్యికి అటూ ఇటూగా మిగిలాయి. ఎర్ల్ అప్పుల్లో మునిగి ఆస్తులు చెదిరిపోయాక ఆ కట్టలు పాత కాగితాలు సేకరించేవాళ్ళ చేతులు మారి, చివరికి జాన్ ఫెన్ అనే పండితుడికి చేరాయి. ఆయన 1787లో మొదటి సంపుటాలు అచ్చు వేశాడు. ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఆ ఉత్తరాలతో పని చేసేవాళ్ళు మొదట తడబడేది పేర్ల దగ్గర. జాన్ పాస్టన్ అనే ఆయన (1421-1466) తన ఇద్దరు కొడుకులకూ జాన్ అనే పేరే పెట్టాడు. అన్నా జానే, తమ్ముడూ జానే. ఇద్దరూ పెరిగి పెద్దవాళ్ళయ్యారు, ఇద్దరూ నైట్‌లయ్యారు. అన్న 1479లో పెళ్ళి కాకుండా పోయాడు. తమ్ముడికి 1477లో పెళ్ళయింది. ఆ పెళ్ళికూతురు మార్జరీ బ్రూస్ పెళ్ళికి ముందు అతన్ని తన వాలెంటైన్ అని పిలుస్తూ రాసిన ఉత్తరమే ఇంగ్లీషులో మనకు దొరికిన మొట్టమొదటి వాలెంటైన్ ఉత్తరం అంటారు. వంశం సాగింది ఈ తమ్ముడి నుంచి. ఏ జాన్ ఎవరో తేల్చుకోకపోతే వృక్షం మొత్తం తప్పుదారి పడుతుంది. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల వచ్చే చిక్కు లాంటిదే ఇది.

ఈ ఇద్దరు జాన్‌ల తండ్రి జాన్ దగ్గరే అసలు కథ ముడిపడింది. ఆయన లాయరు. ఆయన తండ్రి విలియం (1378-1444) రాజుగారి న్యాయస్థానంలో జడ్జి. జడ్జిగారు సంపాదించిన డబ్బుతో భూములు కొన్నాడు. ఒక నైట్ కూతుర్ని చేసుకున్నాడు. కొడుక్కి మార్గరెట్ మాట్‌బీ అనే మరో భూస్వామి వారసురాలిని తెచ్చాడు. ఆ తరువాత 1459లో, ఫ్రాన్స్ యుద్ధాల్లో గడించిన సర్ జాన్ ఫాస్టాల్ఫ్ అనే సేనాని బిడ్డలు లేకుండా చనిపోతూ, కెయిస్టర్ కోటనూ విస్తారమైన భూములనూ తన లాయరైన జాన్ పాస్టన్‌కు నోటిమాటగా రాసిచ్చాడని ఒక వీలునామా బయటికి వచ్చింది. చుట్టుపక్కల పెద్దలకు కడుపు మండింది. కోర్టు కేసులు, జైళ్ళు మొదలయ్యాయి.

ఎదుటివాళ్ళకు అప్పుడొక ఆయుధం దొరికింది. ఇంగ్లీషు చట్టంలో వెట్టి రైతుకు సొంత ఆస్తి అంటూ ఉండదు. వాడి భూమీ, వస్తువులూ వాడి దొరవే. పాస్టన్‌ల పూర్వీకులు వెట్టివాళ్ళని రుజువైతే, కోట పోవడం మాట అటుంచి, మనిషికి మనిషే రాజు సొత్తయిపోతాడు. 1465-66లో జాన్ పాస్టన్ మీద సరిగ్గా ఇదే ఆరోపణ తెచ్చారు.

ఆ గొడవల నుంచి పుట్టిన ఒక కాగితం ఇప్పటికీ ఉంది. రాసినవాడి పేరు లేదు. శత్రువు రాసిందని మాత్రం చదవగానే తెలుస్తుంది. పాస్టన్‌ల వంశ ఘనత ఏమిటో చెబుతానంటూ వెటకారంగా మొదలవుతుంది. దాని సారాంశం ఇది: జడ్జిగారి తండ్రి క్లెమెంట్. పాస్టన్ గ్రామంలో మామూలు రైతు. మహా ఉంటే నూరు, నూట ఇరవై ఎకరాల సేద్యం. అందులో చాలా భాగం గిమింగమ్ దొరతనం కింద వెట్టికి కట్టుబడిన నేల. ఒక చిన్న నీటి మర. ఏడాది పొడుగునా నాగలి పట్టేవాడు. జీను లేని గుర్రం మీద కింద గింజల మూట వేసుకుని మరకు వెళ్ళి, పిండి తెచ్చుకునేవాడు. బండి తోలుకుని వింటర్టన్‌కు వెళ్ళి ధాన్యం అమ్ముకునేవాడు. పెళ్ళాం వెట్టి కుటుంబంలో పుట్టిన మనిషి.

ఆ తరువాత వచ్చే మాట దగ్గర నేను ఆగిపోయాను. క్లెమెంట్ కొడుకు విలియంను బడికి పంపాడు. అందుకోసం తరచూ అప్పులు చేశాడు. ఆపైన ఆ పిల్లవాడి మేనమామ, లాయరు పని చేసేవాడు, చేయూత ఇచ్చి లా చదివించాడు. పిల్లవాడు చట్టంలో ఆరితేరి జడ్జి అయ్యాడు.

అవమానించడానికి రాసిన కాగితం ఇది. ఇందులో అవమానం ఎక్కడుందో నాకు కనిపించలేదు.

ఇంకో కాగితం కూడా ఉంది. అది రాజుగారిది. జాన్ పాస్టన్ 1466 మేలో, ఈ గొడవ తేలకుండానే చనిపోయాడు. కొడుకు, తమ్ముళ్ళు కాగితాలు మోసుకుని రాజసభకు వెళ్ళారు. ఆ జులైలో నాలుగవ ఎడ్వర్డ్ రాజు, పాస్టన్‌లు ప్రాచీన కాలం నుంచి జెంటిల్‌మెన్ వంశీకులేనని తేల్చాడు. వాళ్ళ కింద వెట్టివాళ్ళు ఉండేవారు గానీ వాళ్ళు ఎవరికీ వెట్టివాళ్ళు కారన్నాడు. మూలపురుషుడు వుల్ఫ్‌స్టన్ ఫ్రాన్స్ నుంచి వచ్చాడని, పక్కనే ఉన్న బ్రోమ్‌హోమ్ మఠాన్ని కట్టించిన గ్లాన్విల్‌కు అతను దగ్గరి చుట్టమని వాళ్ళు చూపించిన పత్రాల్లో ఉంది.

ఇప్పుడు మీ ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి పేరులేని పగవాడిది, ఒకటి రాజముద్రతో ఉన్నది. ఏది నమ్ముతారు? హోదా చూసి తీర్పు చెబితే రాజు గెలుస్తాడు. కానీ రాజుగారి కాగితం ఆధారపడింది లాభం పొందేవాళ్ళే తెచ్చి చూపించిన పత్రాల మీద. ఆ మూలపురుషుడి పేరు చూడండి. వుల్ఫ్‌స్టన్ అచ్చమైన పాత ఇంగ్లీషు పేరు. నార్మన్‌లు రాకముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్ళు పెట్టుకునే పేరు. ఫ్రాన్స్ నుంచి దిగిన ప్రభువుకు ఆ పేరు అతకదు. మన ఊళ్ళో ఎవరైనా తమ మూలపురుషుడు లండన్ నుంచి వచ్చిన దొర అని చెప్పి, ఆయన పేరు వెంకయ్య అన్నట్టుంది.

పగవాడి కాగితంలో మాత్రం అతిశయోక్తి ఉండవచ్చు గానీ, అందులో చెప్పినవన్నీ తనిఖీ చేయదగ్గ సంగతులు. ఎకరాలు, మర, ఊరి పేర్లు, చుట్టరికాలు. క్లెమెంట్ 1419లో చనిపోయాడు. అతని వీలునామాలో కోటలూ లేవు, నైట్‌లూ లేరు. ఊరి చర్చిలో భార్య బియాట్రిస్ సమాధి పక్కన తనను పూడ్చమన్నాడు. అంతకు పైన మెట్టు ఎక్కుదామంటే గట్టి కాగితం లేదు. పిల్లలకు చెప్పుకునే కథ మాత్రమే ఉంది. నిజాయితీగా కట్టిన పాస్టన్ వంశవృక్షం ఓడ దిగిన ప్రభువుతో మొదలు కాదు, అప్పు చేసిన రైతుతో మొదలవుతుంది. వెట్టి పుట్టుక సంగతి పూర్తిగా తేలకపోయినా, ఈ కుటుంబం రెండు తరాల్లో నాగలి దగ్గర నుంచి న్యాయపీఠం దాకా ఎక్కిందన్నది చరిత్రకారులు సాధారణంగా ఒప్పుకునే మాటే.

రాజముద్ర పడ్డాక ఆ కుటుంబం ఏం చేసిందో కూడా చెప్పాలి. మూడేళ్ళు తిరక్కుండానే, 1469లో, జాన్ కూతురు మార్జరీ తమ ఎస్టేటు గుమాస్తా రిచర్డ్ కాల్‌ను రహస్యంగా పెళ్ళాడిందని తెలిసింది. కాల్ వాళ్ళు ఫ్రామ్లింగమ్‌లో దుకాణం నడుపుకునే కుటుంబం. తన చెల్లెలు అక్కడ కూర్చుని కొవ్వొత్తులూ ఆవాలూ అమ్మడానికి ఒప్పుకోనని చిన్న జాన్ మండిపడ్డాడు. బిషప్ ఆ అమ్మాయిని పిలిపించి ప్రశ్నించాడు. తాను మాట ఇచ్చానని, ఆ మాట చాలకపోతే ఇప్పుడే ఇంకా గట్టిగా ఇస్తానని ఆమె నిలబడింది. తల్లి మార్గరెట్ ఇంటి తలుపు మూసేసింది. జీను లేని గుర్రం మీద మరకు వెళ్ళినవాడి మునిమనవరాలు, దుకాణదారుల ఇంట్లో పడిందని ఈ తలుపు మూశారు! తప్పుడు వంశవృక్షం కోర్టుతో ఆగదు. దాన్ని నమ్మడం మొదలుపెట్టినవాళ్ళు సొంత బిడ్డను వాకిట్లో నిలబెడతారు.

ఇక్కడ కూడా చివరి మాట కాగితానిదే. మార్గరెట్ 1482లో వీలునామా రాసింది. మార్జరీ కొడుకు, తన మనవడు జాన్ కాల్‌కు 20 పౌండ్లు రాసింది. మూసిన తలుపు ఎప్పుడు తెరుచుకుందో తెలిపే ఉత్తరం లేదు గానీ, ఆ ఒక్క వాక్యం వల్ల కాల్ పిల్లలు పాస్టన్ వృక్షంలో కొమ్మగా నిలిచారు. మగవాళ్ళ వరసే చూసుకునే పట్టికల్లో ఇలాంటి కొమ్మలు కనిపించవు. వీలునామాల్లో దొరుకుతాయి.

చదువు మాత్రం ఆ కుటుంబం ఎన్నడూ విడవలేదు. మన మాస్టార్లకు నచ్చే సంగతి ఒకటుంది. జడ్జిగారి భార్య ఆగ్నెస్ 1458లో, లండన్‌లో చదువుకుంటున్న తన చిన్న కొడుకు గురించి మాస్టారికి కబురు పంపింది: బుద్ధిగా చదవకపోతే బాగా తగిలించండి, దారికి వచ్చేదాకా తగిలించండి అని. ఆ కబురుతో పాటే, పిల్లవాడికి గౌన్లు ఎన్ని ఉన్నాయో, నూలు అరిగిపోయినవి ఏవో చూడమని కూడా రాసుకుంది. ఆమె మనవడు ఒకడు ఈటన్ బడి నుంచి 1479లో ఇంటికి ఉత్తరం రాస్తూ, పంపిన డబ్బు అందిందని, అత్తిపండ్లు, ఎండుద్రాక్ష మాత్రం ఇంకా చేతికి రాలేదని అన్నాడు. లాటిన్‌లో పద్యాలు అల్లడం ఒక్కటే తనకు ఇంకా పట్టుబడలేదన్నాడు. హాస్టల్‌లో ఉన్నవాళ్ళు ఎక్కడైనా ఒకటే.

క్లెమెంట్‌ను మొదటి తరం అనుకుంటే, ఏడో తరంలో సర్ విలియం పాస్టన్ (1528-1610) ఉన్నాడు. ఆయన పాస్టన్ గ్రామంలో 1581లో కట్టించిన గడ్డి కప్పు ధాన్యపు కొట్టం, దాదాపు 70 మీటర్ల పొడవుది, ఇప్పటికీ నిలిచి ఉంది. 1606లో ఆయన పక్కనున్న నార్త్ వాల్షమ్ పట్టణంలో ఒక బడి పెట్టాడు. ట్రఫాల్గర్ యుద్ధంలో గెలిచి ప్రాణాలు విడిచిన నెల్సన్ 1768 నుంచి 1771 వరకు చదివింది ఆ బడిలోనే. కెయిస్టర్ కోట ఇవాళ శిథిలం. ఎర్ల్ పదవి పోయి మూడు వందల ఏళ్ళు కావస్తోంది. పాస్టన్ పేరు మాత్రం ఆ పట్టణంలో ఇప్పటికీ పిల్లలు చదువుకునే ఒక కళాశాలకు ఉంది.

ఇక నేను మొదట దాటవేసిన సంగతి. మా నాన్న చేసింది వ్యవసాయమే, కానీ తన పొలంలో కాదు. ఆయన ఒక ఆసామి దగ్గర పాలేరు. నా పదో తరగతి పరీక్ష ఫీజుకూ, ఆపైన నన్ను పట్నంలో ఇంటర్‌కు చేర్చడానికీ ఆ ఆసామి దగ్గరే అప్పు చేశాడు. ఆ అప్పు తీరడానికి ఇంకో రెండేళ్ళు జీతం లేకుండా పని చేశాడు. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు. మా అమ్మాయికి నేను ఎప్పుడూ చెప్పలేదు. దాచానని కూడా అనుకోలేదు. "వ్యవసాయం" అనే మాట అన్నిటినీ కప్పేసింది.

గ్రంథాలయం నుంచి వచ్చిన రాత్రి అమ్మాయిని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. తాతయ్య పేరు కింద ఆమె తన రాతతో పాలేరు అని తెలుగులో రాసి, పక్కన దాని అర్థం ఇంగ్లీషులో రాసుకుంది. అంతకు పైన ముత్తాత పేరు దగ్గర ఆగాం. అక్కడ మా దగ్గర కాగితం లేదు.

కొన్నాళ్ళ తరువాత ఊరికి వచ్చినప్పుడు మన బడికి వెళ్ళాను. ఆఫీసు గదిలో బీరువా తీయించి పాత అడ్మిషన్ రిజిస్టర్ చూపించారు. అట్ట ఊడిపోయింది. అంచులు చెదలు తిన్నాయి. నా పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు, తండ్రి పేరు. వృత్తి అన్న గడిలో అప్పటి గుమాస్తాగారు గుండ్రటి అక్షరాలతో 'కూలి' అని రాశారు. మా నాన్న గురించి ఆయన బతికున్న రోజుల్లో రాసిన కాగితం నాకు తెలిసి అదొక్కటే. పక్కన ఆయన వేలిముద్ర ఉంది.

సంఘం పెద్దలకు నా మనవి ఒకటే. ఈ స్వర్ణోత్సవానికి పోగైన డబ్బులో కొంత ఆ రిజిస్టర్లను బాగు చేయించడానికీ, ఒక్కో పేజీని ఫోటో తీయించి భద్రపరచడానికీ కేటాయించండి. మనలో చాలామందికి మొదటి మెట్టు అక్కడే ఉంది. ఆ ఖర్చులో నా వంతు నేను ముందే పంపుతున్నాను, మా నాన్న పేరు మీద జమ వేసుకోండి.